ఎండు పీపాలు

జీరిక్‌జే రేవు వీధిలో మా దుకాణం.
వాకిలి పైన ఒక కొయ్య తల,
నోరు బార్లా తెరిచి, నాలుక చాపి
ఎవరో వేయబోయే మాత్ర కోసం
మా తాతల నాటి నుంచీ చూస్తోంది.
మాత్రకు బదులు వాన పడుతుంది.

నిన్న దగ్గు బిళ్ళలకి ఒక ఇంగ్లీషు కుర్రాడొచ్చాడు.
బోర్డు చదివి నవ్వాడు: డ్రోఖిస్ట్.
"మా 'డ్రగ్' అన్న మాట మీ రేవు సరుకేనట కదా?"
కావచ్చు అన్నాను.
పండితులింకా దాని మీద కొట్టుకుంటూనే ఉన్నారు.
లేన్‌డర్ట్ తాత మాత్రం ఒట్టేసి చెప్పేవాడు:
ఓడ దిగిన పీపాల మీద సుద్దముక్కతో
'డ్రోఖ' అని రాసేవారని.
లోపలున్న దాని పేరు కాదది,
ఉన్న తీరు.
ఎండినవి, అంతే.
శొంఠి, సునాముఖి, రేవల్చిన్ని, వస.
చదవడం సగమే వచ్చినవాళ్ళెవరో
పీపా మీది మాటే సరుకు పేరనుకున్నారట.
ఆ పొరపాటు కాలవ దాటి
అక్కడ మందయింది.

నిజమో, తాత కోతో.
మా నేలకి మాత్రం నప్పుతుంది.
అరచేయంత పొడి జాగా కోసం
సముద్రంతో తరాలుగా వ్యాజ్యమాడే ఊరు మాది.
చెమ్మ తగలకుండా దక్కిందేదైనా
మాకు మందే.

కుర్రాడు డబ్బులిస్తూ ఇంకోటి చెప్పాడు:
అంగట్లో ఎవరూ కొనక మూలపడ్డ సరుకునీ
వాళ్ళు ఆ మాటతోనే పిలిచేవారట.
చిల్లర లెక్క తప్పాను.
మారినస్ గుర్తొచ్చాడు.

మా తమ్ముడు.
మేం అమ్మిందీ మందే, వాడు తాగిందీ మందే.
మొదట సీసా,
తర్వాత రోటర్‌డామ్‌లో
పేరడగని చేతుల్లోంచి పొట్లాలు.
అమ్మ దిండు, నాన్న పడవ అమ్మిన కాగితం,
ఇంట్లో ఏదీ ఆరలేదు
పద్నాలుగేళ్ళు.

పోయిన ఆదివారం ఫోను.
"నేల్చె అక్కా, నూట ఆరు రోజులు.
పొడిగా నిలబడ్డాను."
తాగుడు మానినవాణ్ణి మా వైపు అలాగే అంటారు.
పుట్టినప్పటి నుంచీ వింటున్న మాటే.
అది తాత చెప్పిన పీపా మీది మాటేనని
నిన్న చిల్లర ఏరుకుంటుంటే తట్టింది.

ఆదివారం వాడితో నేనన్నదల్లా
"అన్నం తిన్నావా" అని.
వేరే ఏం రాలేదు నోటికి.

ఈ సాయంత్రం దుకాణం కట్టేసి
నిచ్చెన వేసుకుని ఎక్కాను.
కొయ్య నాలుక పల్లంలో నిలిచిన నీళ్ళు
నా పైటగుడ్డతోనే తుడిచాను,
మూలల్లోకి వేలు పెట్టి మరీ.

రేపు మళ్ళీ వానట.
రేడియోలో చెప్పారు.