పదిహేను బై ఇరవై ఆరు

నెలకి ముప్ఫై రోజులని క్యాలెండర్ అంటుంది.
గ్రాట్యుటీ చట్టానికి మాత్రం ఇరవై ఆరే,
ఆదివారాలు తీసేయగా మిగిలిన నెల.
చివరి జీతాన్ని ఇరవై ఆరుతో భాగించు,
పదిహేనుతో హెచ్చించు,
ఎన్నేళ్లు ఒళ్లొంచారో అన్నిసార్లు.
ఈ లెక్క నేర్పింది ఈరంకి గారు,
పాతపోస్టాఫీసు దగ్గర మేడమీద గదిలో,
పోర్టు బొగ్గుపొడి పడ్డ ఫైలుని
నా కోటు చేతితోనే తుడిపించి.
"ఇది నల్లగా ఎందుకుంటుందనుకున్నావమ్మా?" అని నవ్వేవారు.

ఇరవై ఏడేళ్లు.
క్రిమినల్ వాళ్లకి కథలుంటాయి,
ఆస్తి తగాదాల వాళ్లకి పెళ్లిళ్లలో పలకరింపులుంటాయి.
నా పనేమిటో చెప్తే ఎదుటివాళ్లు ఫోన్ చూసుకుంటారు.
ట్రస్టు డీడులు, సూపరాన్యుయేషన్ ఫండులు,
సెక్షన్ పది, బ్రాకెట్లో మళ్లీ పది.
మార్చి ముప్ఫై ఒకటి రాత్రి సిరిపురంలో
లైట్లారని అంతస్తు మాదొక్కటే.
కిటికీలోంచి చూస్తే అవుటర్ హార్బర్ బయట
బెర్తు కోసం కాసుకున్న ఓడలు,
అవీ వెలుగుతూనే ఉంటాయి.
ఒక్క "మరియు"ని "లేదా" చేసి
నాలుగొందల మంది మేనేజర్లకి పన్ను తప్పించాను ఒకసారి.
స్వీట్లు పంపారు. తిన్నాను, బావున్నాయి.

హుద్‌హుద్ వచ్చిన వారం
తగరపువలస రొయ్యల ఫ్యాక్టరీ వాళ్లు
తడిసిన హాజరుపట్టీలు ఆటోలో వేసి పంపారు.
కరెంటు లేదు.
వీధి మొగలో ఇస్త్రీబండి ఆయన్ని బతిమాలి
బొగ్గులపెట్టె అరువు తెచ్చి
ఒక్కో కాగితం మీద పాతచీర ముక్క పరిచి తోమాను.
వేడికి వేలిముద్రలు మెల్లగా తేలాయి,
ఊదారంగు, అంచులు చెదిరి.
అప్పుడు చూశాను:
ఏటా ఏప్రిల్‌లో తొమ్మిది రోజులు
అందరి పేర్లకీ ఎర్రగీత,
పదో రోజు అవే పేర్లు, కొత్త నంబర్లు.
గీత కింద వేలిముద్రలు మాత్రం
ఒక్క రోజూ మానలేదు.

ఏమీ అనలేదు.
కట్ట కట్టి బీరువాలో పెట్టి, బిల్లు పంపాను.

అయిదేళ్ల తర్వాత లేబర్ ఆఫీసులో
చోడిపల్లి పోలమ్మ నా ఎదుటి బల్లమీద
చేతులు బోర్లించి పెట్టింది,
చూపించడానికి కాదు, అలిసిపోయి.
ఐసు తిన్న గోళ్లు.
పదకొండేళ్లు రొయ్యల తలలు తుంచింది.
చివరి జీతం తొమ్మిది వేల నూరు.
మనసులోనే కట్టేశాను:
యాభై ఏడు వేల ఏడొందల యాభై.
"అయిదేళ్లు ఏకధాటిగా లేదండి," అన్నాడు మా మేనేజరు,
"రికార్డులన్నీ తుఫానులో పోయాయి."
ఆవిడ అతన్ని వదిలేసి నావైపు తిరిగింది.
"ఏటమ్మా, తుపాను నా ఇల్లట్టుకుపోనాది.
ఆల్ల పుస్తకాలు కూడా అదే అట్టుకుపోనాదా?"

లేచి వాయిదా అడిగాను.
గొంతు సరిగ్గానే పలికింది.

ఆ రాత్రి కంపెనీకి రెండు వాక్యాల ఉత్తరం:
డబ్బు కట్టండి. లేదా వకీలుని మార్చుకోండి.
వకీలుని మార్చుకున్నారు.

క్లయింటు గుట్టు కాపాడటం నాకు వచ్చు.
తగరపువలస అన్నాను గానీ తగరపువలస కాదు.
పోలమ్మ పేరూ పోలమ్మ కాదు.
కొత్త వకీలు గుమాస్తా ఫైలు కోసం వస్తే
అప్పగింత రసీదు మాత్రం నేనే టైపు చేశాను:
"తడిసి ఆరిన హాజరుపట్టీలు, తొమ్మిది పుస్తకాలు,
వేలిముద్రలు చదవగలిగే స్థితిలో."
చదివి సంతకం పెట్టమన్నాను.
చదవకుండా పెట్టాడు.
ఒక కాపీ వాళ్లకి, ఒకటి నాకు.
చట్టం నాకు వదిలిన జాగా అంతే,
ఒక రసీదు వెడల్పు.

తర్వాతేమైందో తెలీదు. అడక్కూడదు.

వకీళ్లకి గ్రాట్యుటీ లేదు, పీఎఫ్ లేదు,
అదేమీ బాధ కాదు, తెలిసే వచ్చాను.
మొన్న కొత్తగా చేరిన జూనియర్ అడిగాడు:
"ఇరవై ఆరులో పదిహేనే ఇస్తే, మేడమ్,
మిగతా పదకొండు రోజులూ ఎవరివి?"
ఈరంకి గారైతే ఏదో ఒకటి అని నవ్వించేవారు.
నేను లేచి కిటికీ మూశాను,
బల్లమీది దుమ్ము చేతితోనే తుడిచి
లెక్క మళ్లీ మొదటినుంచి చెప్పాను.