చొక్కా విప్పమన్నారు

రాజోలు ఆసుపత్రిలో
సిస్టరు మరియమ్మగారు ముందు చొక్కా విప్పమన్నారు.
ఇంతమంది ముందా అన్నాను.
"గోదాట్లో దిగేటప్పుడు విప్పవా ఏంటి, ఏడుకొండలూ?"

రేవులో పంటుకి తాడు వేసే మనిషిని.
కిలో ఆరొందల గ్రాముల పిల్లని
ఈ చేతుల్లో పెట్టడమంటే
నారుమడి మీద దూలం దించడమే.
"చేతులు కాదయ్యా, రొమ్ము" అన్నారావిడ.

కప్పపిల్లలా పరిచారు దాన్ని నా మీద,
కాళ్ళు ముడిచి, తల ఓ వారకి తిప్పి.
మా అత్త సత్తెవేణి పాత చీర
ఉతికి ఉతికి పాలమీగడైంది,
దాంతో ఇద్దర్నీ కలిపి కట్టేశారు.

మొదట ఏమీ లేదు.
తడి తమలపాకు అంటించినట్టుంది, అంతే.
భయమేసి ఊపిరి బిగబట్టాను.
అదీ బిగబట్టింది.
ఇంకా భయమేసి వదిలేశాను.
అదీ వదిలింది.

అర్ధరాత్రి పంటు ఒడ్డుకొస్తుంటే
నీళ్ళు కనపడవు, మనుషులు కనపడరు,
తాడొక్కటే చెబుతుంది చేతికి:
ఇంత బరువు, ఇటు లాగుడు,
ఇప్పుడు వదులు, ఇక బిగించు.
సముద్రం పోటెత్తిన రాత్రి
ఎవరు ఎవర్ని లాగుతున్నారో
నేనూ చెప్పలేను.

దాని గోళ్ళు బియ్యపు నూకలంత.
వాటితో నా రొమ్ము మీది వెంట్రుక ఒకటి పట్టుకుని
వదల్లేదు గంటన్నర.
నాకు దురద. దగ్గొస్తోంది. కాలు తిమ్మిరి.
కదల్లేదు.
తర్వాత వెచ్చగా బొడ్డు దాకా కారింది.
"పోసిందా? మంచిదే, ఒళ్ళు కాగినట్టే" అని
మరియమ్మగారు నవ్వుతూ పోయారు, గుడ్డ ఇవ్వకుండానే.

గోడ అవతల లోవకుమారి
బీపీ తగ్గక మంచం దిగలేదు.
ఇక్కడ పిల్ల కీచుమంటే
అక్కడ దాని జాకెట్టు తడిసిపోయేదంట,
తను ఏడుపు విన్నానని అనుకునే లోపే.
ఒంటికి చెవులు వేరే ఉంటాయేమో.

పద్దెనిమిదో రోజు కిలో ఏడొందల ఇరవై.
ఆ పెరిగిన దాంట్లో
నా వేడి ఎన్ని గ్రాములో
కాటా చూపించలేదు.

ఇవాళ మళ్ళీ రేవులో తాడు పట్టాను.
నరసాపురం నుంచి ఆఖరి పంటు,
రెండు ట్రాక్టర్లు, ఓ పెళ్ళి బృందం,
పోటు మీదొస్తోంది.
"ఏంట్రా, ఆయాసమా?" అన్నాడు పక్కనున్న పల్లయ్య.
అప్పుడు చూసుకున్నాను:
చిన్నగా, గబగబా,
మధ్యలో ఒకటి మర్చిపోతూ
దాని ఊపిరి తీస్తున్నాను నేను.