పంతొమ్మిది తర్వాత

పూర్ణా మార్కెట్ వెనక సందులో
కొయ్య సన్యాసమ్మ ప్లేట్లని కిలోల లెక్కన అమ్మేది.
ఓడ తాళ్ల చుట్టల పక్కన, చిలుము పట్టిన కుళాయిల పక్కన,
తూకపు రాళ్ల కింద అణిగి పడుంటే
ఒడెస్సాని, డకార్‌ని
ముప్పావు కిలో చొప్పున మోసుకొచ్చేవాణ్ణి.
"ఏటి బాబూ, ఈ నల్ల పళ్లేలు?
అన్నం ఎట్టుకు తింతావేటి?" అని నవ్వేది.
చిల్లర మాత్రం ఎప్పుడూ సరిగ్గా ఇచ్చేది కాదు.

నేను రేవులో టాలీ గుమాస్తాని.
బస్తా దిగితే ఒక గీత, ఇంకో బస్తాకి ఇంకో గీత.
నాలుగు నిలువు, ఐదోది అడ్డం.
ముప్పై ఒక్క ఏళ్లు నేను రాసిన రాత అంతే.
ఓడ వంటవాళ్లకి పచ్చిమిరపకాయలిచ్చి,
ఒకసారి తాటి తాండ్ర ఇచ్చి,
వాళ్ల పరుపుల కింది పాటలు తెచ్చుకునేవాణ్ణి.

చెంగలరావుపేటలో మేడ మీద ఒక్క గది.
అట్టల మీద తెల్లగా బూజు,
కిటికీ తీస్తే బొగ్గు పొడి, మూస్తే ఉక్క.
కుంకుడు రసంతో కడిగి
పాత పంచెతో అద్ది ఆరబెట్టేవాణ్ణి.
పాటకి ముందు వచ్చే ఆ చిటపట
సగం వాళ్ల ఊరిది,
సగం మా రేవుది.

అందులో ఒకటి, పేరు లేని ప్లేటు.
మధ్య కాగితం ఊడిపోయి గుండ్రటి జిగురు మరక.
వాయిద్యం లేదు, ఒక ఆడమనిషి గొంతు,
ఒకచోట వెనకాల కోడి అరుస్తుంది.
జోల అనుకున్నాను కొన్నాళ్లు.
వానాకాలంలో విని, ఏడుపు అనుకున్నాను.
"పెళ్లికూతుర్ని సాగనంపుతోంది, తెలీట్లేదా" అనేది
మా వరహాలు, నెత్తళ్లు బాగుచేస్తూ.

హుద్‌హుద్ వచ్చిన ఆదివారం
కిటికీ ఊడి గదిలోకొచ్చింది.
నూట నలభై ప్లేట్లు ముక్కలు.
ఆ ఒక్కటీ మిగిలింది,
సగం నుంచి లోపలికి
గాజుపెంకు లోతుగా గీసిన అడ్డగీతతో.
ముల్లు అక్కడిదాకా వచ్చి, తడబడి,
మళ్లీ కోడి అరుపు దగ్గరికి వెళ్లిపోతుంది.

నిరుడు ఒక వంటవాడు మా మెట్లెక్కి వచ్చాడు.
పటంలో చుక్క కూడా పెట్టని దీవి వాడిది.
విన్నాడు. ఇది మా మాట కాదన్నాడు,
మబ్బు లేని రోజు మా ఒడ్డు నుంచి కనపడే దీవిదన్నాడు.
సంతకెళ్లి నేర్చుకున్న అంకెలొక్కటే వచ్చట.
అని, ఒక్కో వేలూ ముడవడం మొదలెట్టాడు.
చేతులు అయిపోయాక
బూట్లు విప్పి కాళ్లు ముందుకి చాపాడు.
పంతొమ్మిది.
ముల్లు వెనక్కి దూకింది, కోడి అరిచింది.
అతని చిటికెన వేలు గాల్లో అలా ఆగిపోయింది.

ఏం లెక్కపెడుతోంది అని అడిగాను.
చేపలు కావచ్చన్నాడు.
టీ తాగాక, కాకపోవచ్చన్నాడు.

పద్నాలుగేళ్లు ఆ ప్లేటు చివరిదాకా విన్నాను.
ఇరవై దగ్గర ఆగిందో, వందకి వెళ్లిందో,
మధ్యలో ఎవరైనా పిలిస్తే వదిలేసి లేచిందో,
అన్నీ ఈ చెవుల్లోంచే వెళ్లాయి.
పాట అనుకున్నాను గనక లెక్క చూసుకోలేదు.
నేను! గోనెసంచి కనిపిస్తే
నిద్రలో కూడా గీత గీసేవాణ్ణి.

ఇప్పుడు ఆ ప్లేటు తిరుగుతుంటే
పాత టాలీ పుస్తకం తీసి పెన్సిల్ పట్టుకుంటాను.
మూడు కట్టలు నిండుతాయి.
నాలుగో కట్టలో నాలుగు నిలువు గీతలు
అలా నిలబడి ఉంటాయి.

వంటింట్లో వరహాలు
గీత పడిన చోటు దాటి
ఆ రాగం అలాగే తీస్తూ పోతుంది.
మాటలు రావు దానికి, ఊఁ ఊఁ అని అంతే.
ఎక్కడ ఆపుతుందో చూద్దామని
ఊపిరి బిగబట్టి కూచుంటాను.
ఈలోగా కుక్కర్ కూస్తుంది.