ఉత్తుత్తి ఓట్లు

అంకీస సంతలో ఎండుచేపల వరసకీ ఇప్పపూల గంపలకీ నడుమ
ఒక బల్ల వేశారు.
బల్ల మీద మిషను, పక్కన అద్దం కిటికీ ఉన్న పెట్టె.
రెంటినీ కలిపే తీగ మీదుగా ఒక కోడిపుంజు దాటిపోయింది.

ఘోడ్మారే సాహెబు మరాఠీలో చెబుతాడు.
నేను తెలుగులోకి దించుతాను.
జిల్లా పరిషత్ బడి మాస్టరుకి ఎన్నికల యేడు ఇదే పాఠం:
"నీలం మీట నొక్కు. కూత వినపడ్తది.
కిటికీల చీటీ ఏడు లెక్కపెట్టేదాకా ఉంటది. చూస్కో.
ఎన్క తెగి పడ్తది."

"తెగి యాడ పడ్తది?" అంది జాడి లచ్చుబాయి.
"లోపలి పెట్టెల."
"చీకట్లనా?"
దాన్ని మరాఠీలో ఎలా అనాలో తెలీక ఊరుకున్నాను.

నిజం పార్టీల గుర్తులు పెట్టకూడదు.
అందుకని గొడుగు, గంట, బిందె, పడవ.
ఎవరి తరఫునా నిలబడని బొమ్మలు,
ఎవరి మీదా కేసుల్లేని అభ్యర్థులు.

లచ్చుబాయి పడవ నొక్కింది.
కూత.
ఇప్పపువ్వు కొలిచినట్టు పైకే లెక్కపెట్టింది
ఒకటి అనకుండా, "లాభం, రెండు, మూడు..."
ఏడు దగ్గర పడవ మునిగింది.

ఆమె వెనక దుర్గం బాపు. పడవ.
అతని కోడలు, చంకలో పిల్లాడి వేలు పట్టి. పడవ.
వాగు అవతలి గూడెం గూడెమంతా వరస కట్టి
పడవ, పడవ.
వానాకాలం నాలుగు నెలలు
రేషను బియ్యం ఈ ఒడ్డున, పొయ్యిలు ఆ ఒడ్డున.
ఎవరూ కూడబలుక్కోలేదు. నేనైతే చూళ్ళేదు.

సాహెబు లెక్క మీట నొక్కాడు.
గొడుగు రెండు.
గంట ఒకటి, అది నేను చూపించడానికి నొక్కింది.
బిందె సున్న.
పడవ నలభై ఏడు.
చీటీలు తీసి ఎంచాం, అవీ నలభై ఏడే.
మిషను నిజం చెప్పింది. మేం రుజువు చేయాల్సింది అంతే.

"గెల్సిందా?"
"గెలిచింది," నోరు జారాను.
"మరి ఎప్పుడొస్తది?"

సాహెబు వాచీ చూసుకుని క్లియర్ మీట నొక్కాడు.
సున్న, సున్న, సున్న, సున్న.
చీటీల వెనక ముద్ర కొట్టడం నా వంతు.
నల్ల కవరు. లక్క. సంతకం.
పదకొండు ఎన్నికలు చేశాను సర్వీసులో.
ఒక ఊరు ఒక్క మాట మీద నిలబడ్డది చూడటం అదొక్కసారే.
దాన్ని చెరిపేసినట్టు రెండు కాపీల్లో రాసిచ్చాను.

పోలింగు నాడు
అట్ట తెర వెనక ఆమె చాలాసేపు ఉంది.
కూత రాలేదు.
తల ఒక్కటే బయటికి పెట్టి, "మాస్టరూ, పడవేది?"

ఏజెంట్లు నలుగురూ నా వైపు చూశారు.
నేను తెర వెనక్కి పోకూడదు.
ఇదీ అదీ అని చెప్పకూడదు.
ఆమె వేలి మీది సిరా ఆరిపోయింది.
గడప బయట బాపు
తన వంతొచ్చిందనుకుని చెప్పులు విడుస్తున్నాడు.