మెసేజికి ముప్పై పైసలు

నర్సాపురంలో, రొయ్యల మేత కొట్టు పైన
రేకుల గది. తొమ్మిది కుర్చీలు.
మేత వాసన మా వెనకాలే మెట్లెక్కి వస్తుంది.
లోపలికొచ్చి మేమంతా నీహారికలమవుతాం.

నాకు నలభై ఆరు.
ఇరవయ్యేళ్లు లేసు అల్లాను, కండెకి ఇంతని.
ఇప్పుడు మాటలు, మెసేజికి ముప్పై పైసలు.
చూపుడు వేలి మీద సూది తొలిచిన గుంట
ఫోను అద్దానికి బాగానే అలవాటు పడింది.

జాన్ వెస్లీ మొదటిరోజే చెప్పాడు:
"ప్రశ్నతో ఆపండి మేడం, చుక్క పెట్టొద్దు.
చుక్క పెడితే మనిషి పడుకుంటాడు."
లేసులోనూ అంతే.
ఆఖరి ముడి వేశామంటే చేతిలోంచి పోయినట్టే.

నీహారికకి ఇరవయ్యారు.
ఫొటోలో వెనకాల మంచుకొండలు.
మా వైపు కొండంటే
రైసుమిల్లు వెనకున్న ఊక గుట్టే.

ఒకేసారి ఆరుగురు.
ఒకరికి తిన్నారా, ఒకరికి అలిగాను పొండి,
ఒకరికి మా నాన్నకి బాలేదు.
ఓ రాత్రి కునుకుపాట్లలో
గూడెం లారీ డ్రైవరుకి పోవాల్సిన ముద్దు
తణుకు లెక్కల మాస్టారికి పోయింది.
ఆయన అరగంటలో మూడొందలు రీచార్జి చేశారు.

ఇక ఈ ప్రిన్స్ 77.
ముప్పైరెండేళ్లు, సొంత చెరువులు, నల్ల కళ్లద్దాలు.
పదకొండో రోజు వాయిస్ పంపాడు.
మాట వెనక ఏరేటర్లు తిరుగుతున్నాయి.
ఆ చప్పుడు నాకు తెలుసు.
మా ఆయన ఆ చప్పుడు పక్కనే, తడికాళ్లతో, కరెంటు తగిలి పోయాడు.

"చెరువులు నావి కాదండి, కాపలా.
పేరు ఏసుపాదం. వయసూ అది కాదు.
మీతో అబద్ధం బాలేదనిపించింది."

జాన్ వెస్లీ భుజం మీంచి చదివి నవ్వాడు:
"నిజం చెప్పాడంటే పడ్డట్టే. పెంచండి."

పెంచాను.
చీరమేను దిగిందా మీ రేవులో, అనడిగాను.
చింతకాయ వేస్తారా, ఉత్త ఉల్లికారమేనా?
అది నీహారిక మాట కాదు, నా నోట్లోంచి జారింది.
మంచుకొండల పిల్లకి చీరమేను గొడవెందుకని
అతనికి అనుమానం రావాలి.
రాలేదు. సంతోషపడ్డాడు.
"ఆదివారం తొమ్మిదింటి పంటు.
సఖినేటిపల్లి రేవులో ఎక్కుతాను. పసుపు చొక్కా."

వెళ్లాను. ఎందుకని నన్నడక్కండి.
వశిష్ఠ పోటు మీదుంది.
పంటు నిండా మోటారు సైకిళ్లు, కొబ్బరికాయల ట్రాలీ,
తాడు తెంపుకోవాలని చూసే గేదె ఒకటి.
పసుపు చొక్కాకి కొట్టు మడతలింకా పోలేదు.
జుట్టుకేసిన రంగు చెవి అంచున కాస్త.
చేతిలో స్టీలు క్యారేజీ. మూత సందులోంచి
చింతకాయ వాసన.

ఫోను చూశాడు, రేవు చూశాడు,
నన్ను చూసి, జరిగి, చోటిచ్చాడు.
"ఒకరు రావాలండి" అన్నాడు, అడక్కుండానే.
"వస్తార్లెండి" అన్నాను.
డబ్బులు రాకుండా నేనాడిన అబద్ధం అదొక్కటే.

ఇవతల రేవులో అందరం దిగాం.
అతను దిగలేదు. అదే పంటు మీద వెనక్కెళ్లాడు,
మళ్లీ వచ్చాడు.
టీ కొట్టు బల్ల మీద కూర్చుని లెక్కపెట్టాను.
నాలుగుసార్లు.

రాత్రి ఎనిమిదికి నా కుర్చీలో కూర్చునేసరికి
కాసుకుని ఉంది: "రాలేదేమండి"
పక్కన నూట ఇరవై సెకన్లు తరిగిపోతున్నాయి.
రీచార్జి ఆపెయ్యండి, అని కొట్టాను.
ఎర్రగా వెనక్కొచ్చింది. ఆ మాట పనికిరాదట.
నేను లేనండి, అని కొట్టాను.
అదీ వెనక్కొచ్చింది.
పదకొండు సెకన్లు.
"జ్వరమండి. మీరు తిన్నారా?"

వెళ్లిపోయింది.
వెంటనే గులాబీ పంపాడు, నలభై కాయిన్లది.
తెర మీద అది గిరగిరా తిరుగుతోంటే
కింద కొట్టువాడు షట్టరు దించుతున్నాడు.
"ఇప్పుడే తిన్నానండి, క్యారేజీలోది" అని రాశాడు.
"చల్లారిపోయింది.
అయినా బాగుంది."