కొన్నోళ్ల పుస్తకం

గిర్మాజీపేట మార్కెట్‌కు కొత్త గేటు పడ్డది.
గేటుకు సుతిలి, సుతిలికి పెన్ను,
పెన్ను పక్కన అభిప్రాయాల పుస్తకం.
బండ్లకు టోకెన్లు చింపుడు నా పని,
రాయరానోళ్లకు రాసిపెట్టుడు గూడ నా మీదనే పడ్డది.

మెస్సు నడిపే సర్వమ్మ అన్నది:
బురద లేదు, పుణ్యముంటది,
కని చామగడ్డ ధర జూస్తే
టైల్స్ పైసలు గూడ మేమే కడ్తున్నట్టున్నది.

కాజీపేట రైల్వేల రిటైరైన యాకూబ్ సాబ్:
కాంటా పక్కా. గ్రాము తప్పదు.
మరి కొసరు ఏసే చెయ్యిని
ఆ కాంటా మీద ఏడ పెట్టాలె, అది గూడ రాయి.

ఒక పోరి ఫోటో దిగి
'సూపర్' అని తనే రాసి
ఏం కొనకుంటనే పోయింది.

పొద్దుగూకినంక కనకలచ్చవ్వ వచ్చింది.
ఆఖరి వరుస, ముప్పై ఒకటో నంబరు, ఆకుకూరలు.
"నేను జెప్తే రాస్తవా?"
ఇది కొన్నోళ్ల పుస్తకమవ్వా,
అమ్మెటోళ్లది గాదు.

ఏమనలే. మళ్లిపోయింది.
పక్క దుకాణంల ఐదు రూపాల కరివేపాకు కొనుక్కొచ్చి
టోకెన్ల డబ్బ మీద పెట్టింది.
"గిప్పుడు రాయి.

నల్లా మంచిగున్నది. నీడున్నది.
ఆడోళ్లకు మరుగుదొడ్డి అయ్యింది, ఇరవై ఏండ్లకు."
ఆగింది. నేను పెన్ను ఎత్తలే.
"పాత జాగల మోరి వాసనొచ్చేది.
మనుషులు సుత వచ్చేటోళ్లు."

కింద పేరు రాయాలె గదా అంటే
"పేరెందుకు బిడ్డా, ముప్పై ఒకటి అని రాయి.
సదివినోళ్లన్న ఎతుక్కుంట వస్తరు."

కరివేపాకు
డబ్బ మీదనే ఇడిసిపెట్టి పోయింది.