తోడుకున్న కడుపు

మురున్ ఊరి ఆసుపత్రిలో
కిటికీ అద్దానికి లోపలివైపే మంచు పేరుకుంది.
ఏడో నంబరు మంచం మీద నోర్జ్‌మా,
నలభై గుర్రాల్ని ఒక్క ఈలతో మళ్ళించిన మనిషి,
ఇవాళ పదహారోసారి
గోడ పట్టుకుని దొడ్డికి నడుస్తోంది.

నిమోనియా తగ్గింది. మందు మంచిదే.
ఊపిరితిత్తుల్లో దూరిన దొంగ కోసం వచ్చి
ఊరంతా తగలబెట్టి పోయింది.

పేగుల్లో కాపురమున్నవాళ్ళు ఎవరో
ఆమెకెప్పుడూ తెలీదు.
పుట్టేటప్పుడు తల్లి ఒంట్లోంచి జారుతూ
నోటినిండా తెచ్చుకున్నవాళ్ళు కొందరు.
చనుబాలతో, కుక్కపిల్ల మూతి నాకితే,
పిడకలు పొయ్యిలో పెట్టిన చేత్తోనే
మీగడ తీసుకు తింటే వచ్చినవాళ్ళు కొందరు.
ఆమెకి అరగని పీచు వాళ్ళు తిన్నారు,
వాళ్ళు వదిలింది పేగు గోడ తిన్నది.
అరవై ఒక్కేళ్ళలో
ఎంగిలి అన్న మాట రాలేదు అక్కడ.
లెక్కేస్తే ఆమె ఒంటి కణాలకి
ఇంచుమించు సరిసమానం.
అంటే, ఆమె "నేను" అన్నప్పుడల్లా
సగం మంది నోరు మెదపకుండా ఊరుకున్నారు.

ఇప్పుడా ఇళ్ళు ఖాళీ.
ఖాళీ ఇంట్లో ఎవడు చేరతాడో తెలిసిందేగా.
ఇన్నాళ్ళూ ఓ మూల ఒదిగి కూచున్నవాడే,
ఇరుగుపొరుగు భయానికి మంచివాడుగా బతికినవాడే,
అడ్డు లేదని చూసుకుని
విషం కక్కుతున్నాడు.

డాక్టర్ ఒయూంగెరెల్ చిన్నపిల్ల.
కళ్ళు చార్టు మీదే పెట్టి చెప్పింది:
"ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మలం కావాలి.
కలిపి, వడగట్టి, మీ పేగులోకి ఎక్కిస్తాం.
పరీక్షలన్నీ నెగ్గింది మీ చెల్లెలొక్కతే."

చెల్లెలు. సెవ్‌జిద్.
పదకొండేళ్ళుగా మాటల్లేవు.
తండ్రి పోయాక
నొసట చుక్కున్న బూడిదరంగు ఆడగుర్రం
ఎవరి మందలోదన్న తగువు.
ఆ గుర్రం కూడా చచ్చి ఆరేళ్ళయింది,
తగువు ఇంకా మేస్తూనే ఉంది.

నోర్జ్‌మా పైకప్పుకేసి చాలాసేపు చూసి
"పాలు అడిగితే ఇచ్చే రకం కాదది.
ఇదైతే ఇస్తుందిలే" అంది.
నర్సు నవ్వాపుకోలేక ట్రే కింద పెట్టేసింది.

నూట ఎనభై కిలోమీటర్లు, గొర్రెతోళ్ళ లారీలో
ముందు సీట్లో కూచుని వచ్చింది సెవ్‌జిద్.
ఇవ్వాల్సింది ఇచ్చింది, మూత బిగించి.
వరండా బెంచీ మీద కూచుంది.
లోపలికి రాలేదు.

నాకు ఇక్కడ ఓ మాట అడ్డొస్తుంది.
ఆ దేశంలో పాలలో వేసే చేమిరిని హొరొంగో అంటారు,
ఆస్తి అన్నా అదే మాట.
మనం తోడు అంటాం,
పక్కనుండే మనిషన్నా అదే మాట.
రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టుకుని
ల్యాబ్ కిటికీలో ఉన్న
ఆ డబ్బాకేసి చూస్తున్నాను.

మూడో రాత్రి నోర్జ్‌మా
తెల్లారేదాకా లేవలేదు.
నాలుగో రోజు మాంసం సూపు అడిగి
ఉప్పు తక్కువైందని తిట్టింది.
లోపల, గాలి కూడా దూరని చీకట్లో
చెల్లెలి ఇంటివాళ్ళు కొత్త గోడకి అతుక్కుని
జాగా చూసుకుంటున్నారు.
ఏ మడతలోనో బతికి బయటపడ్డ పాతకాపులు
కాస్త జరిగారు.
విషం కక్కినవాడు ఊరొదిలి పోలేదు,
మళ్ళీ మూలకి ఒదిగి
మంచివాడిలా కూచున్నాడు.

ఆరో రోజు సెవ్‌జిద్ గుమ్మం దాటింది.
మంచం అంచున కూచుంది. కోటు విప్పలేదు.
అరగంట అలాగే.
హీటరు గొట్టంలో నీళ్ళు నడుస్తున్నాయి.

అక్క కడుపు గుడగుడమంది.
ఇద్దరూ ఆ చప్పుడు వైపు చూశారు.

"నీదే" అంది నోర్జ్‌మా.
"గుర్రమా?"
"గుర్రం నాది. చప్పుడు నీది."